నాలుగు కౌజులు, ముగ్గురు కాపలాదారులు

ఆ బుధవారం పొద్దున దామోదరసామి పెట్టుకున్న పని చాలా చిన్నది. పెరట్లో కౌజు పిట్టల గూటికి ఒక మూల జాలీ తెగింది. అక్కడ జానెడు తీగ చుట్టి, ఇడ్లీ తిని, మినప చేను చూసి రావాలి. ముందురోజు సాయంత్రం మునగచెట్టు కింద ఒక ముంగిస, అదే వాళ్ల మాటలో కీరి, నిలబడి ఆ చిల్లును శ్రద్ధగా పరిశీలించడం భార్య పుష్పం కంటపడింది. అందుకే ఈ తొందర.

గూట్లో ఉన్నవి నాలుగు పిట్టలు. పుష్పం వాళ్ల అన్న కారియాపట్టి సంతలో కూరకని కొని తెచ్చినవి. వాళ్లుండే కోవిల్‌పట్టిలో ఎవరికైనా కౌజు పిట్టను చూస్తే ముందు గుర్తొచ్చేది మిరియాలపొడే. పుష్పం కూడా మసాలా నూరడానికి కూర్చుంది. నూరుతూ నూరుతూ ఒకసారి వాటి మొహాలు చూసింది. ఆ పూట ఇంట్లో అందరూ రసం పోసుకుని తిన్నారు. ఇప్పుడు నాలుగింటికీ పేర్లున్నాయి. పిలిస్తే పలుకుతాయని ఆమె అంటుంది. దామోదరసామికి ఇంతవరకు ఒక్కటీ పలకలేదు.

"ఇదో వినండి. ఆ కీరి నోట్లో నా పిట్ట ఒక్కటి పడినా నేను పెట్టె సర్దుకుని మా అన్న ఇంటికి పోతా. మీ సాంబారు మీరే పెట్టుకుని మీరే తినండి," అంది పుష్పం.

దామోదరసామి ఒకసారి సాంబారు పెట్టాడు. అందుకని ఆ బెదిరింపు ఆయనకు బాగా పనిచేసింది.

తీరా చూస్తే ఇంట్లో జానెడు తీగ లేదు. అంగడికి పోయి కొనుక్కుంటే సరిపోయేది. బుద్ధి గడ్డితిని, గూటిని ఫోటో తీసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. "కీరి వస్తా ఉండాది. ఏం చేసేది?" అని కింద రాశాడు. ఆ చుట్టాల్లో ఒక గుణం ఉంది. సలహా అడిగితే చెప్పరు, బస్సెక్కి వచ్చేస్తారు.

సాయంత్రానికి తిరుచ్చులి నుంచి అక్క మొగుడు గోవిందరాజ్ నైలాను వల మోసుకుని దిగాడు. పెరడంతా వల కప్పాడు. మర్నాడు కరివేపాకు కోయబోయిన పుష్పం కొప్పు అందులో చిక్కుకుంది. విడిపించడానికి వెళ్లిన దామోదరసామి చొక్కా గుండీలు కూడా చిక్కుకున్నాయి. ఇద్దరూ అలా నిలబడి ఉండగా ముంగిస వల కిందుగా దూరి, పెరడు దాటి, తన దోవన తాను పోయింది.

ఈ సంగతి విని చిన్నాయన కొడుకు దొరైసామి తన రాజపాళయం కుక్కను తోలుకొచ్చాడు. "ఇది ఉంటే కీరి ఈ వీధిలోకే రాదన్నా," అన్నాడు. నిజమే, రాలేదు. కాని అది వేటకుక్క. వచ్చిన పని మరిచిపోయి గూటి ముందు పడుకుని, పిట్టల్ని చూస్తూ చొంగ కార్చసాగింది. దాంతో దామోదరసామి కుక్కకూ గూటికీ మధ్య కుర్చీ వేసుకుని, చేత కర్ర పట్టుకుని కూర్చోవలసి వచ్చింది. చేను చూడ్డానికి ఎవరూ పోలేదు.

పక్కింటి అంతోణి ఆదివారం చర్చికి పోతాడు, మిగతా వారమంతా వెల్డింగు పని చేస్తాడు. గోడ మీదుగా ఈ కాపలా చూసి జాలిపడి, శుక్రవారానికల్లా ఇనప చువ్వలతో కొత్త గూడు కట్టి, తాళం కూడా బిగించి తెచ్చాడు.

"ఎంత అయింది అంతోణీ?" అన్నాడు దామోదరసామి.

"మన మధ్య రూకలేంది అణ్ణాచ్చీ? ఆదివారం ఒక పూట సాపాటు పెట్టండి, చాలు."

న్యాయమైన మాటే. ఆ పక్క సాయం చేసినవాడికి డబ్బివ్వబోతే కొట్టినంత కోపం వస్తుంది. ఆకు వేసి అన్నం పెట్టాలి. ఇప్పుడు ఇళ్లకు పోయి ఆదివారం భోజనానికి మళ్లీ వస్తామని గోవిందరాజ్, దొరైసామి కూడా ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక గోవిందరాజ్ గూటి ముందు గొంతుక్కూర్చుని, కళ్లజోడు సర్దుకున్నాడు.

"బాగా కండపట్టినాయి," అన్నాడు.

దామోదరసామి గూటికి అడ్డంగా జరిగాడు. "బావా, పుష్పం వాటిని బిడ్డల మాదిరి చూసుకుంటుంది."

"అట్లా చూస్తేనే బలుస్తాయి."

"కోడి కోయిస్తా బావా. నాటు కోడి."

"కోడి మా ఇంట్లో లేదా? తినేదానికి కాకుంటే తాళమేసి, కుక్కను కట్టి ఇంత కావిలి ఎవరైనా కాస్తారా? నువ్వు నోరు తెరిచి చెప్పకపోయినా మాకు అర్థమయిందిలే."

ఆ మాట చెవినపడిన పుష్పం లోపలికి పోయి పెట్టె కిందికి దించింది. దామోదరసామి లెక్క వేసుకున్నాడు. అటు ఆమె పోతే ఇల్లు పోయినట్టే. ఇటు బావను ఆకు ముందు చిన్నబుచ్చితే మళ్లీ ఏ పెళ్లిలోనూ తలెత్తుకోలేడు.

కౌజు వేపుడు దొరికే కోవిల్‌పట్టి పరోటా అంగళ్లలో ఆయన మొహం ఎరగనివాడు లేడు. అందుకని ఆదివారం తెల్లారే బస్సెక్కి విరుదునగర్ పోయి, ఒక అంగట్లో నాలుగు కౌజుల వేపుడు పొట్లం కట్టించుకొచ్చాడు. ఇంట్లోని నాలుగు పిట్టలు స్నానాలగదిలో గంప కింద చేరాయి. ఖాళీ గూటి చుట్టూ రాలిన ఈకలు నాలుగు ఆయనే చల్లాడు. పుష్పం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, మొహం పక్కకు తిప్పి, ఆ వేపుడును తన బాణలిలో కరివేపాకుతో మళ్లీ వేయించింది.

"ఇంట్లో మేపినదాని రుసే వేరు," అన్నాడు గోవిందరాజ్ ఎముక చీకుతూ. "అంగట్లో దొరుకుతుందా ఇది?"

"దొరకదు బావా," అన్నాడు దామోదరసామి.

అప్పుడే స్నానాలగదిలోంచి ఒక పిట్ట గట్టిగా కూసింది. అంతోణి నములుతున్నది ఆపాడు. "ఏంటది?"

"పంపు. వాషరు పోయింది."

"నేనుండగా పంపు ఏడిస్తే ఎట్లా అణ్ణాచ్చీ? ఉండండి, చూస్తా," అని లేవబోయాడు అంతోణి.

పుష్పం అతని ఆకులో రెండు గరిటెల అన్నం వేసింది. "కూర్చోండి తమ్ముడూ. ఆదివారం మీరు పని చెయ్యకూడదు కదా."

అంతోణి ఆలోచించి, నిజమేనని ఒప్పుకుని కూర్చున్నాడు. పోయేటప్పుడు ముగ్గురూ ఖాళీ గూటి ముందు కాసేపు ఆగారు. గోవిందరాజ్ కళ్లు తుడుచుకున్నాడు. దొరైసామి కుక్కను కూడా వెంట తీసుకుపోవడంతో దామోదరసామికి ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు పొద్దున ఇంటి ముందు ఆటో ఆగింది. డ్రైవరు మూడు గంపలు దించి పోయాడు. నిండా కౌజు పిల్లలు. వెంటనే ఫోను మోగింది.

"ఆ ఖాళీ గూడు కళ్లలోనే ఉండాది దామోదరా," అన్నాడు గోవిందరాజ్. "ఉన్న నాలుగూ మాకే పెట్టేస్తివి. ముప్పై పంపినా. కండపట్టినాక చెప్పు, ఈసారి అక్కనీ పిల్లల్నీ కూడా తెస్తా."

దామోదరసామి ఫోను జేబులో పెట్టుకున్నాడు. పుష్పం అప్పటికే గంప మూత తీసి ఒక పిల్లను ఒళ్లోకి తీసుకుంది. దాన్ని ఎవరికీ ఇవ్వనని ఆమె మొహమే చెబుతోంది.

"అందరూ వస్తారంట," అన్నాడాయన నీరసంగా.

"రానీండి. విరుదునగర్‌కు బస్సులు లేవా?" అంది పుష్పం. ఆ పైన గొంతు తగ్గించింది. "నిన్న బాణలిలో మిగిలిన ముక్క నేనే తిన్నా. ఈసారి నాకూ ఒకటి కలిపి తెండి."

ఆమె ఒళ్లో కౌజు పిల్ల హాయిగా కళ్లు మూసుకుంది.