కేవీకి సపోర్ట్

ఆ రోజు ఓబులేసు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మధ్యాహ్నం మూడింటికి నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగుస్తుంది. ఊరంతా కేవీ అని పిలిచే కృష్ణవేణమ్మ పోటీ నుంచి తప్పుకుంటానని మాటిచ్చింది. ఓర్వకల్లు పక్కనున్న ఆ ఊళ్లో ఎనిమిదో వార్డు మెంబరుగా ఓబులేసు మళ్లీ ఏకగ్రీవం, సాయంత్రం కోడికూర. ఆ పదవి లేకపోతే వీధిలో తనను ఎవరు పలకరిస్తారన్నదే అతని అసలు భయం.

మేడమీదున్న మేనల్లుడు చైతన్య ప్లాను ఇంకా చిన్నది. పాత మోటారు స్టార్టర్లలో కేవీ-ఎనిమిది అనే ప్రాసెసర్ ఉండేది. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. నడుస్తున్న ఆ ప్రాసెసర్‌ను మధ్యలో ఆపి లోపలి తప్పులు పట్టే సాఫ్ట్‌వేర్ ఎవరూ రాయలేదు. అందరూ ఉచితంగా వాడుకునేలా అతను రాస్తున్నాడు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని స్నేహితుడు హర్షవర్ధన్‌కు అదే చెబుతున్నాడు.

"కేవీ ఎనిమిదికి యాడా సపోర్ట్ లేదప్పా. అందుకే నేనిస్తాండా. దాపరికమేముండాది, ఓపెన్‌గానే!"

పక్కనే బట్టలు ఆరేస్తున్న ఓబులేసు భార్య హనుమమ్మ ఆ మాట విన్నది. ముందు పిట్టగోడ మీంచి పొరుగింటి అరుణజ్యోతికి చెప్పి, తర్వాత మొగుడికి చెప్పింది.

ఓబులేసు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. "కేవీకి సపోర్ట్ ఇస్తాండావంటనే, నిజమేనా?"

"ఊ, మామా." చైతన్య తెర మీంచి కళ్లు తిప్పలేదు. "పాపం, ఎవురూ పట్టించుకోల్యా."

"దాంతో నీకేమొస్తాది?"

"లోపలేం జరిగిందో ఒక్కో అడుగూ బయటపెడతా. ఇన్నాళ్లు చేసిన తప్పులన్నీ తేలిపోతాయి."

"ఎవురు చేసినవి?"

"ముందు పనిచేసినోళ్లు మామా. శానా గలీజుగా చేసినారు. ఈ పొద్దు ప్రపంచమంతా చూడొచ్చు."

ఎనిమిదో వార్డులో ఇంతకుముందు పనిచేసింది ఓబులేసే. కాగితాల మీద మాత్రమే పారిన మురుగుకాలువ ఒకటి అతనికి గుర్తొచ్చింది.

ఈలోగా అరుణజ్యోతి చలవతో కబురు కృష్ణవేణమ్మకు చేరింది. "ఓబులేసు అల్లుడే నా పక్కనుంటే నేనేంటికి తప్పుకునేది?" అని ఆవిడ అడ్డం తిరిగింది. దాంతో ఓబులేసుకు మిగిలిన ధైర్యం కూడా జారిపోయింది. కాలువ సంగతి మైకులో వినడం కన్నా మర్యాదగా తప్పుకోవడమే నయమనుకున్నాడు. పంచాయతీ ఆఫీసుకు పరుగెత్తి తన నామినేషనే వెనక్కి తీసుకున్నాడు.

మూడు దాటాక వీధిలో డప్పులు మోగాయి. ఆ మోతకు చైతన్య హెడ్‌ఫోన్లు తీసి కిందికి దిగాడు.

"ఎవురు గెలిచినారు మామా?"

"నీ కేవీనే! నువ్వు సపోర్ట్ ఇచ్చినాక ఇంకెవురు గెలుస్తారు?"

చైతన్యకు విషయం అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక పైకి పరుగెత్తి, గోరంత నల్లటి ముక్కొకటి తెచ్చి మామ అరచేతిలో పెట్టాడు. "కేవీ ఎనిమిదంటే ఇది మామా! నేను తప్పులు పడతాండేది దీంట్లో."

ఓబులేసు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏడుపొక్కటే తక్కువ.

"దీన్నేమంటారప్పా?"

"చిప్పు, మామా."

"చిప్పనా?"

"చిప్పు."

ఓబులేసుకు ఆ క్షణాన రెండింటికీ పెద్ద తేడా కనిపించలేదు.