శౌరయ్య అక్రోటు తుపాకీ

శౌరయ్య దగ్గర తుపాకీ ఉందని ఆస్ట్రేలియాలోని డబ్బో ఊళ్లో ఉన్న నాలుగు తెలుగు కుటుంబాలకూ తెలుసు. అది పేలుతుందని మాత్రం ఎవరికీ తెలియదు.

కొని రెండేళ్లయింది. భుజానికి ఆనించే మడమంతా అక్రోటు కర్ర, తేనెరంగు మీద నల్లటి చారలు. ఆసుపత్రి ల్యాబులో డ్యూటీ దిగి రాగానే, బూట్లైనా విప్పకుండా ఇనప్పెట్టె తెరిచి దానికి అవిసె నూనె రాస్తూ కూర్చునేవాడు.

"ఆ నూనెలో సగం నా మోకాళ్లకి రాస్తే ఈపాటికి పరుగు పందేలకి పోయేదాన్ని," అనేది భార్య ప్రేమలీల. వృద్ధాశ్రమంలో ముసలివాళ్లను లేపీ కూర్చోబెట్టీ మోకాళ్లు అరగదీసుకున్న నర్సు ఆమె.

"ఇలాంటి కర్ర మళ్లీ దొరకదే."

"నేనైతే దొరుకుతానన్నమాట."

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో చిక్కొచ్చి పడింది. ల్యాబులో తోటి ఉద్యోగి స్టీవ్‌కి ఊరి బయట గొర్రెల ఫారం ఉంది. గొర్రెలు ఈనే రోజులు. నక్కలు పడి పిల్లల్ని ఎత్తుకుపోతున్నాయి. "శనివారం నీ తుపాకీ పట్టుకుని రా మేట్," అన్నాడు స్టీవ్.

స్టీవ్‌దీ అక్రోటు మడమే, తాతగారి నాటిది. దాని మీద గీతల్ని అతను చుట్టాల్ని పరిచయం చేసినట్టు చూపించేవాడు. "ఇది ముళ్లకంచె. ఇది యూట్ ట్రక్కు మీంచి పడ్డప్పుడు. ఇది మా కుక్క పన్ను." అది విన్న రోజు శౌరయ్య తన తుపాకీకి ఇంకో పూత నూనె రాసేవాడు.

వెళ్లకపోతే పిరికివాడంటారు. వెళ్తే గీత పడుతుంది. బాగా ఆలోచించి శుక్రవారం స్టీవ్‌కి ఫోన్ చేశాడు. "మా ఆవిడకి తుపాకీ అంటే భయం. చూస్తేనే ఏడుస్తుంది. నన్ను కదలనివ్వటం లేదు." ప్రేమలీలతో మాత్రం, "స్టీవ్‌కి జ్వరమంట, ప్రోగ్రాం కాన్సిల్," అన్నాడు.

శనివారం పొద్దున్నే జ్వరమొచ్చిన స్టీవ్ యూట్ నడుపుకుంటూ వచ్చి గుమ్మం ముందు దిగాడు. పక్కన అతని భార్య ఎల్సా, చేతిలో కేకు.

"ఏడవకు లీలా," అంది ఎల్సా నవ్వు ఆపుకుంటూ. "మీ ఆయన్ని జాగ్రత్తగా తెచ్చి అప్పగిస్తాం."

ప్రేమలీల కేకు అందుకుని మొగుడి వంక చూసింది. "ఏవండీ, నేను ఏడుస్తున్నానా?"

"అంటే... లోపల్లోపల..."

"శౌర్యమంతా పేరులోనే ఉంది. పదండి, నేనూ వస్తా. ఆ ఏడుపేదో అక్కడే ఏడుస్తా."

దారి పొడుగునా శౌరయ్య తుపాకీని దుప్పట్లో చుట్టి, పురిటిబిడ్డలా ఒళ్లో పెట్టుకున్నాడు. ఫారంలో గుట్ట మీద రాళ్ల వెనక నలుగురూ చతికిలబడ్డారు. గంట తర్వాత పల్లంలోంచి నక్క బయటికొచ్చింది.

"నీదే మేట్," అని గుసగుసలాడాడు స్టీవ్.

శౌరయ్య తుపాకీని రాతి మీద ఆనించబోయాడు. రాయి గరుగ్గా ఉంది. సంచిలోంచి తువాలు తీశాడు. నాలుగు మడతలు వేశాడు. ఒక కొస సరిగ్గా కుదరలేదు, సవరించాడు. ఈలోగా నక్క ఒక పిల్లను నోట కరుచుకుంది. స్టీవ్ తన తుపాకీ ఎత్తేసరికి పల్లంలోకి దిగిపోయింది. తల్లి గొర్రె అంచుదాకా పరిగెత్తి, అక్కడే నిలబడి అరవసాగింది.

స్టీవ్ తుపాకీ దించాడు.

"తువాలు బాగా కుదిరిందా?" అని అడిగింది ప్రేమలీల తెలుగులో.

"ఊరుకోవే. రాయికి తగిలితే కర్ర..."

"మీ అమ్మకి కంచి పట్టుచీర కొన్నారు. ఇప్పుడు కడితే నలుగుద్ది, మంచి రోజున కట్టుకుందువులే అని మూడేళ్లు పెట్టెలో పెట్టించారు. చివరికి ఆమె శవపెట్టె మీద కప్పాం. నలగలేదు, నిజమే."

ఆ చీర కప్పింది శౌరయ్య చేతులే. దాచిపెట్టటమే ప్రేమనుకుంటూ బతికిన మనిషి.

ప్రేమలీల అతని చేతిలోంచి తుపాకీ తీసుకుంది. తువాలు పక్కకు నెట్టి రాతి మీదే ఆనించింది. కర్ర గరగరా రాసుకుంది. ఆ చప్పుడు శౌరయ్య పళ్లలోకి దిగింది.

రెండో నక్క కనబడింది.

"లీలా, సేఫ్టీ..." అన్నాడు శౌరయ్య.

"తీశా."

తుపాకీ పేలింది. నక్క ఉన్నచోటే కూలింది.

"ఎక్కడ నేర్చావే?" అన్నాడు శౌరయ్య, చెవులు మూసుకునే.

మాట అర్థం కాకపోయినా అతని మొహం చూసి జవాబు ఎల్సా చెప్పింది. "ఆర్నెల్లుగా గురువారాలు నాతో షూటింగ్ క్లబ్బుకి వస్తోందిగా. లైసెన్సు కూడా వచ్చింది. నీకు తెలియదా?"

"గురువారం ప్రార్థన కూటమన్నావు!" అన్నాడు భార్యతో.

"ప్రార్థించాను, గురి కుదరాలని. మీరు స్టీవ్‌కి జ్వరమనలేదూ?"

మరుసటి శనివారం ఫోన్ మోగితే శౌరయ్యే ఎత్తాడు.

"హలో మేట్," అన్నాడు స్టీవ్. "లీల ఉందా?"

ప్రేమలీల బూట్లు తొడుక్కుని, అక్రోటు తుపాకీ భుజాన వేసుకుని గుమ్మం దిగింది. "కుందేళ్లు తెస్తా. మసాలా నూరి ఉంచండి. అల్లం రేపటికని దాచొద్దు."

యూట్ వెళ్లిపోయింది. శౌరయ్య కాసేపు వీధి వైపు చూసి, వంటింట్లోకి నడిచాడు.

అల్లం మొత్తం వేశాడు.