ఇరవై ఏడో నెంబరు సైకిళ్ళు

ఆదివారం ఉదయం ఐదున్నరకు మత్తిగిరిలో బయలుదేరాలి. ఏడుంబావుకు కృష్ణగిరిలో దిగాలి. ఎనిమిదికి పందెం. నాగరత్నం టీచర్ ఈ మూడు ముక్కలూ శనివారం సాయంత్రమే కాగితం మీద రాసి, కింద గీత గీసి పెట్టుకుంది. గీత గీసినంత మాత్రాన పనులు జరుగుతాయన్న నమ్మకం ఆమెకు లేదు. గీయకపోతే ఉన్న కాస్త ధైర్యం కూడా ఉండదని గీసింది.

తమిళ నేల సరిహద్దులో ఆమె పని చేసే బడిలో ఈ ఏడు తెలుగు తీసుకున్న పిల్లలు పదకొండు మంది. కరస్పాండెంట్ అనంతకుమార్ జూన్ నెలలోనే ఆమెను పిలిపించి విషయం తేల్చేశాడు. "మిస్, మీకు ఫ్రీ పీరియడ్లు చానా ఉండాయి. సైకిల్ రేసు క్లబ్బు మీరే చూసుకోండి. జిల్లా పోటీలో పేరొస్తే తెలుగు సెక్షన్ ఇంకొక ఏడు ఉంటాది. రాకుంటే నేనేం చేసేది, మీరే చెప్పండి." ముప్పై ఏళ్ళుగా ఛందస్సు చెప్పిన మనిషికి సైకిల్ క్లబ్బు గురించి చెప్పడానికి ఏముంటుంది?

క్లబ్బు కావాలని అడిగింది పదకొండో తరగతి పవిత్ర. ఆ పిల్లకు జపాన్ వాళ్ళ అనిమే బొమ్మల సీరియల్ ఒకటి ప్రాణం. కొండ పక్కన ఒక హైస్కూలు, అందులో ఒక రేసింగ్ క్లబ్బు, అయిదుగురు కుర్రాళ్ళు, అయిదు సైకిళ్ళు. "ఇది చూస్తే మీకంతా అర్థమైతాది మిస్," అని పవిత్ర తన ఫోను చేతికిచ్చింది. నాగరత్నం నోట్‌బుక్కు పక్కన పెట్టుకుని ఇరవై నాలుగు ఎపిసోడ్లూ చూసింది. ఒక కిలోమీటరు తొక్కడానికి ఆ పిల్లలకు మూడు ఎపిసోడ్లు పడతాయని రాసుకుంది. గెలిచినా ఏడుస్తారు, ఓడినా ఏడుస్తారు అని కూడా రాసుకుంది. పంతొమ్మిదో ఎపిసోడ్‌లో తనూ ఏడ్చిన సంగతి మాత్రం రాయలేదు.

అసలు విషయం ఆమెకు అర్థమైంది. ముందున్నవాడు గాలిని కోసుకుంటూ పోతాడు, వెనకవాళ్ళు వాడి చాటున పోతారు. వాడు అలిసిపోగానే పక్కకు తప్పుకుని వెనక్కి వస్తాడు, రెండోవాడు ముందుకు పోతాడు. పడిపోయినవాణ్ణి వదిలి పోరు. ఆమె ఇదంతా నల్లబల్ల మీద బాణాలు గీసి చెప్పింది. పిల్లలు తలలూపారు. పశువుల ఫారం పక్క రోడ్డు మీదికి వెళ్ళేసరికి బాణాలన్నీ మరిచిపోయారు. బలమైనవాడు తిలక్. ముందుకు పోతే వెనక్కి తిరిగి చూడడు. కార్తిక్ వెనక చేరితే ముందుకు రాడు. భువన, పవిత్ర పక్కపక్కనే కబుర్లు చెప్పుకుంటూ తొక్కుతారు. రెండు నెలల్లో నలుగురూ ఒకే వరసలో వచ్చింది ఒక్కసారే. అదీ ఫారం ఆవులు రోడ్డుకు అడ్డం వచ్చిన రోజు.

పందెం రోజు పిల్లలతో ఆమె బస్సులో వెళ్ళింది. సైకిళ్ళు డ్రైవర్ సెల్వరాజ్ మినీ లారీలో అంతకు ముందే బయలుదేరాయి. కృష్ణగిరిలో దిగి చూస్తే పందెం ఉంది, లారీ లేదు. ఫోన్ చేసింది.

"సెల్వరాజూ, యాడుండావప్పా?"

"కావేరిపట్టణంలో మిస్. సైకిళ్ళన్నీ దించేసినాను. ఈడ పందిరేసినారు, మైకు పెట్టినారు, బ్రహ్మాండంగా ఉండాది. మీరు యాడుండారు?"

"కృష్ణగిరిలో! రేసు ఈడ మొదలై ఆడ ముగుస్తాదప్పా!"

సెల్వరాజ్ కాసేపు ఆలోచించాడు. "మీరు కావేరిపట్టణం రేసు అన్నారు కదా మిస్. ఎట్లైనా మీరు ఈడికే కదా వచ్చేది?"

"సైకిళ్ళు లేకుండా ఎట్ల వచ్చేది?"

"అదీ నిజమే," అని అతను ఒప్పుకున్నాడు. మళ్ళీ ఎక్కించుకుని వస్తానన్నాడు. ఎనిమిదికి పదిహేను నిమిషాలే ఉంది.

పవిత్ర ముఖం చూడలేక నాగరత్నం పక్కకు తిరిగింది. టీ అంగడి ముందు నాలుగు సైకిళ్ళు కనిపించాయి. నలుగురు ఆడవాళ్ళు నిలబడి టీ తాగుతున్నారు. కావేరిపట్టణం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేసేవాళ్ళు. సీజను కాబట్టి ఆదివారమూ షిఫ్టు ఉంది. రోజూ ఈ రోడ్డునే సైకిళ్ళ మీద పోతారు. వాళ్ళలో పెద్దది కెంపమ్మ. నాగరత్నం జీవితంలో మొదటిసారి ముక్కూ మొహం తెలియని మనిషి ముందు చేతులు జోడించింది.

కెంపమ్మ విని, పిల్లల వైపు చూసి, టీ గ్లాసు కింద పెట్టింది. "ఎట్లా ఆడికే పోతారు కదా, తీసుకోపోనీ. మేము బస్సులో వస్తాము. కానీ టీచరమ్మా, తొమ్మిదికి షిఫ్టు. దానికి ముందర సైకిళ్ళు మా చేతికి రావల్ల. సద్ది డబ్బాలు క్యారియర్లోనే ఉండాయి, జాగ్రత్త."

నిర్వాహకులు నాలుగు సైకిళ్ళకూ ఇరవై ఏడో నెంబరు అట్టలు పురికొసతో కట్టారు. మైకులో నియమం చెప్పారు: జట్టులో నాలుగో మనిషి గీత దాటినప్పుడే ఆ జట్టు చేరినట్టు లెక్క. ఈల మోగింది. పన్నెండు జట్లు గేరు సైకిళ్ళ మీద దూసుకుపోయాయి. పదమూడో జట్టు సద్ది డబ్బాలు గలగలలాడించుకుంటూ వెళ్ళింది.

నాగరత్నం ఆ నలుగురితో కలిసి బస్సెక్కింది. ఆడి నెల గాలి, అంటే ఆషాఢపు గాలి, ఎదురుగా వీస్తోంది. నాలుగో కిలోమీటరు దగ్గర కిటికీలోంచి చూసి ఆమె లేచి నిలబడింది. ఆమె పిల్లలు నలుగురూ రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు. కార్తిక్ సైకిల్ చైను ఊడి, ఇరుక్కుని, వాడు మోకాలు కొట్టుకుపోయేలా పడ్డాడు. కెంపమ్మ సద్ది డబ్బా గుంతలోకి దొర్లింది. అందరూ బస్సు దిగారు.

"తిలక్, నువ్వు కూడా నిలబడినావా?" అంది నాగరత్నం నమ్మలేక.

"వదిలి పోకూడదని మీరే చెప్పినారు కదా మిస్."

గర్వపడాలనిపించింది కానీ ఆమెకు ఓపిక లేకపోయింది. రెండు నెలలు వినని మాట వాడు ఈ రోజే విన్నాడు. కెంపమ్మ ముందు గుంతలోకి చూసి, "సంగటి పోయె," అంది. తరువాత రెండు వేళ్ళతో చైను పట్టి, పెడలు ఒక చుట్టు తిప్పి, ఎక్కించేసింది.

అదే సమయానికి ఎదురుగా సెల్వరాజ్ లారీ వచ్చి ఆగింది. పిల్లలు కేకలు పెట్టి తమ సైకిళ్ళు దించుకున్నారు. బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. కెంపమ్మ బృందం తమ సైకిళ్ళెక్కి షిఫ్టుకు బయలుదేరింది. అంతా ఒక దారికి వచ్చిందని నాగరత్నం లారీలో కూర్చుని ఊపిరి పీల్చుకుంది.

"మిస్!" అని అరిచింది భువన. "నెంబరు అట్టలు!"

అట్టలు నాలుగూ కెంపమ్మ వాళ్ళ సైకిళ్ళకే ఉన్నాయి. నెంబరు లేని పిల్లలు గీత దాటినా దాటనట్టే.

పిల్లలు వాళ్ళ వెంట పడ్డారు. వెనకాల సెల్వరాజ్ లారీ తిప్పి హారన్ కొడుతూ వచ్చాడు, కానీ ఆ ఇరుకు రోడ్డు మీద పిల్లలను దాటే చోటు లేదు. నాగరత్నం కిటికీలోంచి తల బయట పెట్టి, "కెంపమ్మా! నెంబరు! నెంబరు ఇచ్చి పోండి!" అని గొంతు చించుకుంది. గాలి ఆ మాటలను తెచ్చి ఆమె నోట్లోనే కుక్కింది. కెంపమ్మ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. తరుముకొస్తున్న నలుగురు పిల్లలు, హారన్ కొడుతున్న లారీ.

"మళ్ళా మన సైకిళ్ళకే వస్తా ఉండారే! షిఫ్టు పోతాది, తొక్కండే!"

తొక్కారు. కొంగులు నడుముకు చెక్కుకుని, ఒకే వరసలో తొక్కారు. ముందున్న మనిషి కాసేపు గాలిని కోసుకుంటూ పోయి పక్కకు తప్పుకునేది. రెండో మనిషి ముందుకు వచ్చేది. ఒక్క మాట లేదు, ఒక్క సైగ లేదు. నాగరత్నం నోరు తెరుచుకుని చూసింది. వాళ్ళను అందుకోవాలన్న ఆత్రంలో ఆమె పిల్లలు కూడా అలాగే ఒకరి చాటున ఒకరు పోతున్నారు. కార్తిక్ రక్తం కారుతున్న మోకాలితో తన వంతుకు ముందుకు వచ్చాడు. రెండు నెలలుగా ఆమె కోరుకున్నది ఇప్పుడు రెండు జట్లుగా కళ్ళ ముందు పోతోంది. ఒక జట్టుకు నెంబరు లేదు. ఇంకొక జట్టుకు బడి లేదు.

దారి పొడుగునా మిగతా బడుల జట్లు ముక్కలై కనిపించాయి. బలమైనవాళ్ళు ఎప్పుడో చేరిపోయారు. వాళ్ళు వదిలేసిపోయిన నాలుగోవాళ్ళు ఎదురుగాలికి తాళలేక చెట్ల కింద కూలబడి ఉన్నారు.

కావేరిపట్టణంలో ఫ్యాక్టరీకి పోవాలంటే పందిరి కింద గీత దాటే పోవాలి. నలుగురు ఆడవాళ్ళూ వరసగా దాటారు. నలుగురూ చేరిన మొదటి జట్టు అదే. మైకు ఊగిపోయింది. "ఇరవై ఏడు! మత్తిగిరి బడి! ఫస్ట్!" వాలంటీర్లు దండలతో పరిగెత్తుకొచ్చి సైకిళ్ళు పట్టుకున్నారు.

"ఇడవండప్పా! దండెందుకు మాకు? టైమైతా ఉండాది!" అని కెంపమ్మ పెనుగులాడింది. నిర్వాహకుడు చేతిలోని కాగితం చూశాడు. ఇరవై ఏడో నెంబరు, వయసు పదహారు అని ఉంది. కెంపమ్మకు నలభై ఎనిమిది. అతను కాగితాన్ని ఒకసారి తిరగేసి కూడా చూశాడు.

ఊరి మొదట్లో రోడ్డు వెడల్పై లారీ పిల్లలను దాటింది. నాగరత్నం దిగేసరికి కప్పు ఆమె చేతిలో పెట్టారు. ఫోను మోగింది. అనంతకుమార్. "మిస్! గెలిచినామంట కదా! ఇప్పుడే ఎవరో చెప్పినారు!" ఆమె ఫోను దించింది. నిర్వాహకుడు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "నెంబరు సరిపోయింది కదా మిస్. మైకులో చెప్పేసినాము. ఇడిచేయండి."

కప్పు బరువుగా ఉంది. అందులో పదకొండు మంది పిల్లలు, ఒక తెలుగు సెక్షన్ ఉన్నట్టు అనిపించింది. అప్పుడే పవిత్ర వాళ్ళు రొప్పుతూ గీత దాటి వచ్చారు, నలుగురూ కలిసి. నాగరత్నం వాళ్ళ ముఖాలు చూసింది, మైకు అడిగి తీసుకుంది, జరిగింది జరిగినట్టు చెప్పింది. చెప్పి ముగించాక పందిరి కింద ఒక్క చప్పట కూడా మోగలేదు. కప్పు ఇంకొకరికి పోయింది. ఇరవై ఏడో నెంబరును పోటీ నుంచి తీసేశారు.

పవిత్ర ఏడుస్తుంటే కెంపమ్మ విచిత్రంగా చూసింది. "ఇంత బాగా తొక్కడం యాడ నేర్చుకున్నారు?" అని ఆమెను అడిగింది నాగరత్నం నీరసంగా.

"నేర్చుకునేదేముంది? ముందర పోయేదానికి గాలి కొడతాది. దానికి ఆయాసమొస్తే ఇంకొకతి పోతాది. ఇరవై ఏండ్లుగా పోతా ఉండాము. టీచరమ్మా, మాకు లేటైంది. సూపర్‌వైజరుకు మీరే వచ్చి చెప్పల్ల."

నాగరత్నం గేటు దాకా పరుగున వెళ్ళి చెప్పింది. సూపర్‌వైజర్ మైకులో అంతా విన్నాడట, నవ్వుతూ వాళ్ళను లోపలికి పంపాడు. ఆ రోజు ఆమె చేసిన పనుల్లో సక్రమంగా ముగిసింది అదొక్కటే. కెంపమ్మకు తన ఇడ్లీ పొట్లం ఇచ్చి వచ్చేసింది.

తిరుగు బస్సు షూలగిరి దాటాక పవిత్ర మెల్లగా అడిగింది. "సీరియల్లో ఓడిపోయినా ఇంకొక సీజన్ ఉంటాది మిస్. మనకు లేదు కదా?"

నాగరత్నం కిటికీ వైపు తిరిగింది.

సోమవారం ఉదయం పిలుపు వచ్చేసరికి ఆమె తెలుగు సెక్షన్ రిజిస్టరు కూడా చేతిలో పట్టుకునే వెళ్ళింది. అనంతకుమార్ లేచి నిలబడి కుర్చీ చూపించాడు.

"కూర్చోండి మిస్. జిల్లా క్రీడల ఆఫీసరు ఫోన్ చేసినారు. కప్పు తిరిగిచ్చిన బడి ఇదే మొదలంట, పొగిడినారు. ఆ ఫ్యాక్టరీ ఆడోళ్ళను చూసినాక ఆయనకు కొత్త ఐడియా వచ్చినాది. వచ్చే నెల అదే రోడ్డు మీద నలభై దాటిన ఆడోళ్ళకు రేసు పెడతా ఉండారు."

"మంచిదే కదా సార్."

"మన లేడీ టీచర్ల టీము పేరు అప్పుడే ఇచ్చేసినాను. మీరే కెప్టెన్. తెలుగు సెక్షన్ గురించి రేసు అయినాక మాట్లాడదాము. రేపు పొద్దున ఐదుకు ప్రాక్టీసు."

నాగరత్నం రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. ఆమెకు సైకిల్ తొక్కడం వచ్చా అని మాత్రం ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.