చెరిపేసిన కోడు

సోమవారం పొద్దున నా చేతిలో ఉన్నవి మూడు: ఐదు వారాల కిందట కొన్న పాత ఎలక్ట్రిక్ కారు, దాన్ని మంచి బేరం చేసి కొన్నానన్న పేరు, గురువారం దాకా గడువు.

సాయంత్రానికి ఆ పేరు కాస్తా ప్రమాదంలో పడింది. నా తాళాల కొట్టు మూసి, బండి తీసి వాలు దిగబోతుంటే స్టీరింగ్ వెనక తెర మీద పసుపు దీపం వెలిగింది. గుండ్రటి గీత మధ్య మూడు అక్షరాలు: ఏ, బీ, ఎస్. బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోయి బండి జారకుండా కాపాడే ఏర్పాటు అది. ఆ కాపలాదారు సెలవు పెట్టాడని దీపం కబురు చెబుతోంది.

ఇంకో వారమైతే పోనీలే అనుకునేవాణ్ణి. గురువారం అత్తగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఆపరేషన్ అయి పది రోజులైంది. కంటికి కుదుపు తగలకూడదని డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. ఆసుపత్రికి వెళ్లే దారి నిలువు వాలు.

మీ ఆవిడకి చెప్పొచ్చు కదా అంటారు మీరు. కొనేటప్పుడు తను ఒకే మాట అంది: "ఎవరైనా మెకానిక్‌కి చూపించి కొందామండీ." నేను, "ఇరవై ఏళ్లుగా సరుకు కొంటున్నాను, నాకు మెకానిక్కా?" అన్నాను. అంత మాట అన్నాక దీపం సంగతి ఏ మొహంతో చెప్పను? పైగా కొట్లో నాకో పద్ధతుంది. కొనేవాడు అడగని లోపం నేను చెప్పను. ఆ పద్ధతిని ఇంటికి మోసుకురావడం దగ్గరే నా తెలివి తెల్లారింది.

పక్క కొట్లో ఫోన్లు బాగుచేసే అతను నాకు వరసకి బావ. చిప్పులతో బతుకుతాడు గనక చిప్పల బావ అంటాం. అగ్గిపెట్టెంత పరికరం ఒకటి చేతిలో పెట్టాడు.

"స్టీరింగ్ కింద గుచ్చు బావా. జబ్బేమిటో ఫోన్‌లో చెబుతుంది."

గుచ్చాను. ఏదో కోడు, దాని పక్కన "బ్రేక్ కంట్రోల్ మాడ్యూల్ లోపం" అని వచ్చింది. మాడ్యూల్ మాట ఎలా ఉన్నా నా మాడు మాత్రం వేడెక్కింది.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"కింద 'చెరుపు' అని ఉంది చూడు. నొక్కు."

నొక్కాను. దీపం ఆరిపోయింది. ఇంత సులువైన వైద్యానికి జనం మెకానిక్‌ల దగ్గర పడిగాపులు పడతారెందుకా అని జాలేసింది.

మర్నాడు బండి తీయగానే దీపం మళ్లీ వచ్చింది. చెరిపాను. మళ్లీ వచ్చింది. మళ్లీ చెరిపాను. పొద్దున బండి మా ఆవిడది, మధ్యాహ్నం నుంచి నాది. తను ఎక్కేలోపు నేను వెళ్లి చెరిపి రావాలి. పరికరం జేబులో ఉంటే దొరికిపోతానని స్టీరింగ్ కిందే వదిలేశాను.

"ఎక్కడికండీ?"

"చక్రాల్లో గాలి చూసొస్తా."

"ఇందాకే చూశారుగా."

"ఇందాక ముందువి. ఇప్పుడు వెనకవి."

బుధవారం పొద్దున మళ్లీ గుమ్మంలో పట్టుకుంది.

"ఇప్పుడెక్కడికి?"

"గొడుగు మర్చిపోయా."

"గొడుగు మీ చేతిలోనే ఉంది."

"అదే, కారులో పెట్టడం మర్చిపోయా."

తను నన్ను పైనుంచి కిందికి చూసింది. మా ఆవిడ నర్సు. ఆ చూపుకి థర్మామీటర్ అక్కర్లేదు.

బుధవారం మధ్యాహ్నం ఒక దీపం కాస్తా మూడైంది. మెకానిక్ దగ్గరికి పరిగెత్తాను. ప్రతి మాటకీ నిదానం, నిదానం అంటాడని ఆయన్ని అందరూ నిదానం గారనే అంటారు. నేను ముందే పీకి జేబులో వేసుకున్న అగ్గిపెట్టె చోట (తర్వాత మళ్లీ అక్కడే గుచ్చాను) తన పెద్ద యంత్రం తగిలించి తల గోక్కున్నాడు.

"ఇందులో ఒక్క కోడూ లేదే. ఎవరైనా చెరిపారా?"

"అలవాటైపోయి, మీ షెడ్డు ముందు కూడా చెరిపానండీ."

"మొత్తం ఎన్నిసార్లు?"

"పదకొండు."

ఆయన కళ్లద్దాలు తీసేశాడు. "దొంగలు పడ్డ ఇంటిని కడిగి ముగ్గేసి పోలీసుల్ని పిలిచినట్టుంది సార్. పోనీ నిదానంగా చెప్పండి. బండి తీయగానే వెలిగిందా, నడుస్తుంటేనా? ఎంతసేపు నిలబెట్టాక?"

"పసుపు రంగులో వెలిగింది" అన్నాను. నాకు తెలిసింది అంతే.

"బ్రేకుల్ని చూసుకునే ఆ మాడ్యూల్ పెట్టే పోయుంటే, కొత్తది తెప్పించడానికి పది రోజులు."

"రేపు అత్తగారిని తీసుకెళ్లాలి. బ్రేకులు పడతాయా?"

"పడతాయి, కానీ..." అని ఆగాడు. "గట్టిగా తొక్కితే చక్రం జారొచ్చు. ఆ వాలులో మాత్రం వద్దు."

ఆ "కానీ" ఆ రాత్రి కంచంలో ముద్దకి అడ్డం పడింది. అన్నం సహించలేదు.

గురువారం పొద్దున గొంతు సవరించుకున్నాను. "టాక్సీ పిలుద్దాం. బండిలో చార్జింగ్ లేదు."

"తొంభై రెండు ఉంది. చూసొచ్చా."

"తొంభై రెండంటే వందకి తక్కువేగా."

అప్పటికే అత్తగారు నల్ల కళ్లద్దాలతో ముందు సీట్లో కూర్చున్నారు. మా ఆవిడ వెనక కూర్చుంది. నేను నడపసాగాను. పిల్లబండి తోసుకుంటూ వెళ్లే ఒకావిడ మమ్మల్ని దాటి పోయింది.

"అల్లుడుగారూ, బయల్దేరామా?"

"బయల్దేరామండీ."

"ఒంటి కన్నుకే మన గేటు ఇంకా కనిపిస్తోంది."

వాలు మొదలయ్యే చోటికి వచ్చాం. కింద ఎర్ర సిగ్నల్, దాని ముందు బారుగా బళ్లు. పక్కన, నల్ల అద్దం వెనక, పది రోజుల కన్ను. బండి పక్కకి తీసి ఆపేశాను.

"అత్తయ్యగారూ, ఈ బండిలో మిమ్మల్ని కిందికి దింపను. బ్రేకుల్లో లోపముంది. సోమవారం నుంచీ తెలుసు."

వెనక నుంచి నిట్టూర్పు వినిపించింది.

"హమ్మయ్య. ఇంకో క్షణం చూసి నేనే ఆపమందామనుకున్నా. ఎడమకి తిప్పండి, అటంతా చదునే. నిదానం గారికి పొద్దున్నే ఫోన్ చేశా. డాక్టర్ని గంటన్నర ఆగమన్నా."

షెడ్డులో మా ఆవిడ తన సంచీలోంచి కాగితం తీసి నిదానం గారికిచ్చింది. వార్డులో మంచానికి తగిలించే చార్టు. బండి ఎన్ని గంటలు నిలబడింది, దీపం ఎప్పుడొచ్చింది, హారన్ ఎంత నీరసంగా మోగింది, అన్నీ వరసగా ఉన్నాయి.

"మంగళవారం యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే బండి ఎప్పటిలా తనంతట తాను నెమ్మదించలేదండీ. అప్పుడే అనుమానమొచ్చింది. నిలబెట్టి తీసినప్పుడే దీపం వస్తోంది. నడుస్తుంటే ఒక్కసారీ రాలేదు."

ఆయన చార్టు చదివి, బానెట్ ఎత్తి, మీటరు పెట్టి చూశాడు.

"మాడ్యూల్‌కి రోగం లేదమ్మా, ఆకలి! బండిని లాగేది పెద్ద బ్యాటరీ. లోపలి పెట్టెలకి తిండి పెట్టేది ఇదుగో, ఈ చిన్నది. ముసలిదైపోయింది. బండి తీయగానే చాలినంత కరెంటు అందక మాడ్యూల్ సొమ్మసిల్లుతోంది." తర్వాత స్టీరింగ్ కింద చెయ్యి పెట్టి బావ ఇచ్చిన అగ్గిపెట్టె పీకాడు. "దీన్నెవరు వదిలేశారు? మిగిలిన కాస్త శక్తీ రాత్రింబవళ్లు ఇదే తాగేసింది!"

అందరూ నావైపు చూశారు. అత్తగారిది ఒంటి కంటి చూపే అయినా దాని వేడే ఎక్కువ.

కొత్త చిన్న బ్యాటరీ వేశాక నిదానం గారు చదును రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కి చూపించాడు. పెడల్ కింద టకటకమంది, బండి గీత గీసినట్టు ఆగింది. ఈసారి ఎవరూ చెరపకుండానే మూడు దీపాలూ ఆరిపోయాయి.

డ్రైవర్ సీట్లో మా ఆవిడ కూర్చుంది. నేను వెనక కూర్చుని ఊరికే ఉండలేక చార్టు తిప్పాను. వెనకవైపు ఇంకో రోగి ఉన్నాడు.

"గాలి, రెండుసార్లు. గొడుగు, ఒకసారి. చార్జింగ్, ఒకసారి. తిండి సహించడం లేదు. కారణం: భయం. చికిత్స: తనంతట తాను చెప్పేదాకా ఆగడం."

"ముందే అడగొచ్చుగా?" అన్నాను.

"అడిగితే ఇంకో గొడుగు తెచ్చేవారు." అద్దంలో నావైపు చూసింది. "బాగా భయపడ్డారా?"

"పడ్డాను."

"నేనూ పడ్డానండీ. ఇద్దరం విడివిడిగా పడ్డాం."

వాలంతా బండి నీళ్లలా జారి దిగింది. అత్తగారి కన్ను బాగుందన్నాడు డాక్టరు.

చివరికి తేలింది ఇది. మంచి బేరగాడినన్న పేరు పోయింది. అత్తగారికి చూపు వచ్చింది, కారుకి ఆగడం వచ్చింది, భయమేస్తే భయమని మా ఆవిడతో చెప్పడం నాకొచ్చింది. వీటితో పాటు వెనక సీటు కూడా వచ్చింది. అది నాకు శాశ్వతంగా వచ్చినట్టే ఉంది.