శాంతిగిరిలో సంసారం

సంసారంలో గొడవలు రాకుండా ఉండాలంటే ఓర్పు కావాలని పెద్దలంటారు. అక్కర్లేదు. ఇరుగుపొరుగు నిశ్శబ్దంగా ఉంటే చాలు. నమ్మనివాళ్లు ఒకసారి శాంతిగిరికి వచ్చి చూడండి.

శాంతిగిరి ఎక్కడుందంటారా? నెల్లూరికి తూర్పున, సముద్రానికి ఇవతల. గిరి అన్నారు గదా అని ఊటీలాంటిదేదో ఊహించుకోకండి. అది ఇసుకదిబ్బ. మంచి ఎద్దులైతే బండి ఆగకుండా ఎక్కేస్తుంది. మన తీరంలో దేవుడు కొండలు పెట్టడం మరిచిపోయాడు. అది ఆయన తప్పే గాని ప్లాట్లు వేసినవాళ్ల తప్పు కాదు. రిటైరైన పెద్దమనుషులు అక్కడ ఇళ్లు కట్టుకుని, హిల్ స్టేషన్‌లో ఉంటున్నామని బంధువులకు చెప్పుకుంటూ, రోహిణి ఎండల్లో కూడా మెడకు మఫ్లరు చుట్టుకుని తిరుగుతున్నారు.

అలల హోరు వినపడకుండా మధ్యలో దట్టంగా సవక చెట్ల తోపు. బస్సు రాదు. రేడియో పెట్టకూడదు. కుక్కను పెంచకూడదు. చేపలమ్మే ముసలమ్మ కూడా అరిచే అరుపేదో దిబ్బ కిందనే అరిచేసి, గంపెత్తుకుని, నోరు మూసుకుని పైకి రావాలి. ఇవన్నీ సొసైటీ కార్యదర్శి ఆనందబాబు గారు పెట్టిన నిబంధనలు.

తాలూకాఫీసులో హెడ్‌గుమాస్తాగా రిటైరైన జకరయ్య గారు ఈ నిశ్శబ్దానికే మనసు పారేసుకున్నారు. అంతకుముందు ఆయన కాపురం సంతపేటలో, బియ్యం మిల్లు పక్కన. ఆ ఇంట్లో ఆయనా, ఆయన భార్య ఎలిశబెతమ్మా పోట్లాడుకోని రోజు లేదు. మిల్లు ఆడుతున్నంతసేపూ వాళ్ల నోళ్లూ ఆడేవి. మిల్లు ఆగితే మాట మధ్యలో వాళ్లూ ఆగేవారు. బెల్టు మళ్లీ తిరగగానే విడిచిన మాట దగ్గరే అందుకునేవారు. పక్కింటికి ఒక్క ముక్క తెలిసేది కాదు. చర్చిలో అందరూ వాళ్లను ఆదర్శ దంపతులనేవారు.

శాంతిగిరికి వచ్చిన కొత్తలో అన్నం తింటూ జకరయ్య గారు అలవాటు కొద్దీ, "పులుసులో ఉప్పు లేదే," అన్నారు. ఎలిశబెతమ్మ జవాబు చెప్పే లోపలే పక్కింటి ప్రేమలీలమ్మ, అంటే కార్యదర్శి గారి భార్య, గోడ మీదుగా ఉప్పు గిన్నె అందించింది. ఎంత మంచి పొరుగో చూడండి! ఇంకోనాడు ఆయన తుమ్మితే మూడో ఇంట్లో ఎవరో "నూరేళ్లు" అన్నారు. ఆనందబాబు గారి కీర్తనలో శ్రుతి తప్ప అన్నీ ఉన్నాయని దుప్పట్లో ముఖం దాచుకుని భార్య చెవిలో అంటే, తెల్లారి ఆనందబాబు గారు ముఖం తిప్పుకుని పోయారు.

ఇక పోట్లాట ఎక్కడిది? నోరెత్తకుండా పోట్లాడటమంటే నీళ్లు లేకుండా ఈదడమే. పెళ్లయిన నాటినుంచీ "ఏందయ్యా" అని పిలిచిన ఎలిశబెతమ్మ ఇప్పుడు "అట్లాగేనండీ" అంటున్నది. గిన్నె కింద పెడితే చప్పుడు కాదు. అడిగింది అడిగినట్టు వండి పెడుతుంది. ఏ భర్తకైనా ఇంతకంటే ఏం కావాలి? కాని ఆ "అండీ" వినపడినప్పుడల్లా జకరయ్య గారికి వెన్నులో చలి పుట్టేది. హిల్ స్టేషన్ చలి అంటే అదేనేమో మరి.

ఒకనాటి మధ్యాహ్నం ఆమె ట్రంకుపెట్టెలో చీరలు సర్దుకుంటూ కనపడింది.

"యాడికి?" అన్నారాయన గుసగుసగా.

"సంగం ఊరికండీ. మా చెల్లెలి దగ్గరికి."

"ఎప్పుడొస్తావు?"

"చూద్దామండీ."

"నామీద కోపమేందో చెప్పు."

ఎలిశబెతమ్మ ప్రేమలీలమ్మ వాళ్ల గోడవైపు ఒకసారి చూసి, ఇంకో చీర మడతపెట్టింది.

ఎండ వాలగానే జకరయ్య గారు చెప్పులేసుకుని, "అట్లా గాలికి పోయొద్దాం రా," అన్నారు అందరికీ వినపడేట్టు.

తోపు దాటగానే సముద్రం హోరు ముఖానికి కొట్టింది. ఒడ్డు పొడుగునా శాంతిగిరి దంపతులు! జంటకూ జంటకూ మధ్య పడవంత దూరం వదిలి, నీళ్లవైపు తిరిగి చేతులు ఊపుతున్నారు. ఆనందబాబు గారు తల వంచుకుని ఉన్నారు. ప్రేమలీలమ్మ చెయ్యి గాలిని కోస్తున్నది.

ఒడ్డున వల బాగుచేసుకుంటున్న జాలరి మునెయ్య, చేపలమ్మే ముసలమ్మతో, "ఈ దిబ్బోళ్లకు భక్తి జాస్తి. దినామూ గంగమ్మకు మొక్కుకోను వస్తారు," అన్నాడు.

"మొక్కు గాదురా, తిట్టు," అన్నది ముసలమ్మ. "నా మొగుడు బతికుండంగా నేనూ ఈడనే మొక్కినా."

ఎలిశబెతమ్మ కొంగు నడుముకు దోపింది.

"ఏందయ్యా," అని మొదలుపెట్టింది. జకరయ్య గారికి ప్రాణం లేచొచ్చింది. "సంతపేట ఇల్లు అమ్మేటప్పుడు నన్నొక మాట అడిగినావా? నీకు నిశ్శబ్దం కావాల్సొచ్చింది, కొనుక్కున్నావు. నా ఇరుగమ్మలు, నా అంగడి, నా నోరు, అన్నీ ఆ ఇంటితో కలిపి అమ్మేసినావే."

"వద్దని చెప్పింటే..."

"ఎప్పుడు చెప్పేది? రిజిస్ట్రీ అయినాక గదా నాకు తెలిసింది!"

జకరయ్య గారు మెడలో మఫ్లరు విప్పి చేతికి చుట్టుకున్నారు.

"అడక్కుండా అమ్మడం నా తప్పే," అన్నారు చివరికి.

"ఏందీ?"

"నా తప్పే అంటుండా!"

మునెయ్య వల వదిలి తలెత్తి చూశాడు. ఎలిశబెతమ్మకు మాత్రం చాలలేదు.

"ఈడ అంటే ఎవరికి వినపడతాది? అలల కింద పోయింది. దిబ్బ మీదికొచ్చి అను. మెల్లగానే అను, చాలు."

ఆయన అన్నారు. అందరూ ఒడ్డునుంచి ఇళ్లు చేరాక, వరండాలో నిలబడి, గుసగుసగా, ఒక్కసారే. శాంతిగిరిలో ప్రతి ఇంటికీ వినపడింది. ఆ వెంటనే ట్రంకుపెట్టె మూత తెరుచుకుని, చీరలు మళ్లీ బీరువాలోకి చేరిన చప్పుడు కూడా వినపడింది.

అందుకే చెబుతున్నాను, నిశ్శబ్దమైన పేటను మించిన వరం లేదు. ఆడదాని అరుపును మింగడానికి మిల్లు చాలు, సముద్రం చాలు, ఏమీ లేకపోతే సొసైటీ నిబంధనలు చాలు. మగవాడి ఒప్పుకోలు పదిమందికీ వినపడాలంటే మాత్రం శాంతిగిరే దిక్కు.

మర్నాటి సాయంత్రం ఆనందబాబు గారు చెప్పులేసుకుని గాలికి బయల్దేరబోయారు. ప్రేమలీలమ్మ వరండాలోంచి కదల్లేదు.

"సముద్రం దాకా ఎందుకండీ," అన్నది మెత్తగా. "ఈడనే చెప్పండి."