మంత్రిగారింటి ఆకుపచ్చ దీపం

"దేశంలోనే మొట్టమొదటి వైరస్‌ రహిత గృహం మా ఇల్లే" అని సాంకేతిక శాఖ మంత్రిగారు సోమవారం పొద్దున్నే పత్రికలవాళ్లను పిలిచి ప్రకటించారు. బుధవారం పదకొండు గంటలకు వాళ్ల సమక్షంలోనే గుమ్మానికి ధ్రువపత్రం బిగిస్తామని కూడా చెప్పారు. ముందు ప్రకటించి, తర్వాత పని మొదలుపెట్టే ధైర్యం మామూలు మనుషులకు రాదు.

మంత్రిగారి వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే కొట్టు నాది. మంగళవారం ఉదయం మంత్రిగారి పీఏ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఇంట్లో ఎవరూ ఇంటర్నెట్‌ వాడకపోయినా రౌటర్‌ ఆకుపచ్చ లైటు ఆగకుండా మిణుకుమిణుకుమంటోందండీ. మీ ఇంటినుంచి అనుమానాస్పదంగా ఏదో బయటికి పోతోందని కనెక్షన్‌ ఇచ్చినవాళ్లు ఉత్తరం కూడా రాశారు."

"మరి మీరేం చేశారు?"

"షోకాజ్‌ నోటీసు ఇచ్చాం."

"ఎవరికి?"

"వైరస్‌కి. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమన్నాం. నిన్నటితో గడువు అయిపోయింది. ఉలుకూ పలుకూ లేదు."

శాఖ పద్ధతి అది. ఎవరి మీద చర్య తీసుకోవాలన్నా ముందు వాళ్ల వాదన వినాలి. ఆ న్యాయబుద్ధికి మనసులోనే దండం పెట్టుకుని, పెన్‌డ్రైవ్‌ జేబులో వేసుకుని బయల్దేరాను.

హాల్లో రౌటర్‌ పక్కన గోడకు నోటీసు అతికించి ఉంది. మంత్రిగారు సోఫాలో కూర్చుని ఫోన్‌లో అభినందనలు లెక్క చూసుకుంటున్నారు. సోమవారం ప్రకటనకు నాలుగు లక్షల పన్నెండు వేల మంది 'శభాష్‌' నొక్కారట.

"శుక్రవారం మంత్రివర్గంలో మార్పులున్నాయయ్యా. జనాదరణ ఎవరికి తక్కువుంటే వాళ్లని ఇంటికి పంపిస్తానని పెద్దాయన తేల్చి చెప్పేశారు. ఆ విషయంలో నాకు భయం లేదులే. కానీ ఈ లైటు సంగతి బయటికి పొక్కితే పరువు పోతుంది. ఎలాగైనా దాన్ని పట్టుకో."

ఒక్కో యంత్రాన్నీ నెట్‌వర్క్‌నుంచి తప్పిస్తూ వచ్చాను. మంత్రిగారి కంప్యూటర్‌ తీశాను, లైటు మిణుకుతూనే ఉంది. ఆయన భార్యది తీశాను, అదే తంతు. టీవీ తీశాను, లాభం లేదు. చివరికి వెనక గదిలో మంత్రిగారి అత్తగారు పేకాట ఆడుకునే పాత కంప్యూటర్‌ తీగ లాగగానే లైటు కుదుటపడింది.

"సరిగ్గా ముక్క పడే వేళకి లాగేశావు కదయ్యా!" అన్నారు అత్తగారు.

"ఇందులో కొత్తగా ఏమైనా వేసుకున్నారా అమ్మా?"

"నాకేం తెలుసు నాయనా? మా అల్లుడి ఫొటో కనిపిస్తే నొక్కాను. 'ఇంటింటి రక్షణ' అట. వాళ్ల శాఖవాళ్లు ఇంటింటికీ ఉచితంగా ఇచ్చారుగా. మొదట వేసుకున్నది నేనే. అప్పట్నుంచి ఒక్క ముక్క కదలాలంటే అరగంట."

పెన్‌డ్రైవ్‌తో తనిఖీ చేస్తే దొంగ దొరికాడు. 'ఇంటింటి రక్షణ' చాటున కూర్చుని, ఊళ్లో అది ఉన్న కంప్యూటర్లన్నింటికీ ఇక్కడినుంచే ఆజ్ఞలు జారీ చేస్తున్నాడు. ఆజ్ఞ ఒక్కటే. మంత్రిగారు ఏం చెప్పినా 'శభాష్‌' నొక్కాలి.

"అయ్యా, ఇది ఎవరి కోసం పని చేస్తోందంటే..."

"ఎవరి కోసమైనా సరే! వైరస్‌ విషయంలో నాకు బంధుప్రీతి లేదు. పీకెయ్‌!"

పీకేశాను. పాస్‌వర్డులన్నీ మార్చాను. తీగలన్నీ మళ్లీ తగిలించినా లైటు బుద్ధిగా వెలిగింది. మంత్రిగారు అక్కడికక్కడే 'వైరస్‌ను నా చేతులతో పట్టుకున్నాను' అని ఫోన్‌లో ప్రకటించి, అభినందనల కోసం ఎదురుచూశారు. పావుగంటలో మూడు వచ్చాయి.

"ఫోన్‌ పాడైందేమో చూడు."

చూశాను. నిక్షేపంలా ఉంది. "ఒకటి మీరు నొక్కిందేనండీ. రెండోది పీఏగారిది."

"మూడోది?" అని ఎంతో ఆశగా అడిగారు.

అత్తగారు తన ఫోన్‌ పట్టుకుని గదిలోంచి తొంగిచూశారు. "నాదేనేమో బాబూ. పేకాట కోసం వెతుకుతుంటే చెయ్యి తగిలింది. వెనక్కి తీసుకోవడం ఎలాగో కాస్త చెబుతారా?"

మంత్రిగారు భార్యవైపు చూశారు. ఆవిడ కిటికీ తెరలు సర్దుకుంటున్నారు. ఆయన మొహం చూసి నాకు నిజంగానే జాలేసింది. శుక్రవారానికి ఇంకా మూడు రోజులే ఉంది.

"పీకింది మళ్లీ పెట్టొచ్చా?" అని మెల్లగా అడిగారు.

"పెట్టొచ్చండీ. కానీ రేపు ధ్రువపత్రం..."

పీఏ అప్పటికే ఫైలు తెరిచాడు. "సంజాయిషీ అందింది, సంతృప్తికరంగా ఉంది అని రాసేద్దాం సార్‌."

మంత్రిగారు సంతకం పెట్టారు. నేను వైరస్‌ను పెన్‌డ్రైవ్‌లోంచి తీసి యథాస్థానంలో ప్రతిష్ఠించాను. లైటు మళ్లీ మిణుకుమనడం మొదలుపెట్టింది. దాని మీద నల్ల టేపు అంటించి, కొట్టుకు తిరిగొచ్చి, పెన్‌డ్రైవ్‌ నా కంప్యూటర్‌కు తగిలించుకుని మిగతా పనులు చూసుకున్నాను.

బుధవారం ధ్రువపత్రం గుమ్మానికెక్కింది. శుక్రవారం మంత్రిగారి పదవి నిలవడమే కాదు, ఆరోగ్య శాఖ కూడా అదనంగా దక్కింది. ఆ ప్రకటనకు మూడు నిమిషాల్లో ఆరు లక్షల 'శభాష్‌'లు వచ్చాయి.

నా వంతు కూడా ఒకటి నొక్కుదామని కొట్లో కూర్చుని ఆ జాబితా తెరిచాను. నా పేరు అందులో పదకొండుసార్లు ఉంది. నేనింకా నొక్కనేలేదు.