ఒక్క తట్ట కూడా మిగలకుండా

ఆదివారం ప్రశాంతంగా అరిటాకులో భోంచేద్దామని కృష్ణారావు పొద్దున్నే అనుకున్నాడు. మేడ్చల్ మార్కెట్లో భార్య కామేశ్వరి కొన్న ఆకు మధ్యలో చిరిగి ఉంది. పప్పుచారు బల్ల మీదికి, అక్కడినుంచి ఆయన లుంగీ మీదికి కారింది. చూసి కొనలేదని ఆయన, కంచంలో తింటే అరగదా అని కామేశ్వరి, కాసేపు వాదులాడుకున్నారు.

"మా కోనసీమలో అయితే పెరట్లోంచి కోసుకొస్తాం."

"ఇది శామీర్‌పేటండీ. ఎండాకాలం గాలికి అరిటాకు అప్పడమవుతుంది. నేల చూస్తే, పైన జానెడు ఎర్రమట్టి, కింద మొరం."

"మట్టి మారిస్తే సరి" అన్నాడు కృష్ణారావు. ఆయన తుర్కపల్లిలో ఓ కంపెనీ అకౌంట్స్ చూస్తాడు.

మట్టి సంగతి కామేశ్వరికి తెలుసు. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో పెరట్లో గునపం వేస్తే ఖంగుమనేది. వంటింటి తొక్కలు, రాలిన ఆకులు, పక్క ఊరి జహేదా ఇచ్చిన పేడ ఏళ్ల తరబడి మాగబెట్టి, ఆ మొరం మీద ఒక్క మడి తయారు చేసుకుంది. అందులో బీర, చిక్కుడు కాసేవి. ఆ ఇంట్లో పూర్తిగా ఆమెదని చెప్పుకోదగ్గది అదొక్కటే.

ఆమె కూతురు లిఖితతో కీసర గుడికి వెళ్లిన రోజున, జహేదా భర్త సిరాజుద్దీన్ ట్రాక్టరు నిండా చెరువు నల్లమట్టి తోలుకొచ్చాడు. కృష్ణారావు ఆఫీసు నుంచే ఫోనులో మాట్లాడాడు.

"పెంట గూడ గావాల్నా సార్?"

"పెంటా? మా పెరట్లో ఉన్నది చాలదా? ముందు అది ఎత్తుకుపోండి."

"అంతా తీస్కపొమ్మంటరా?"

"ఒక్క తట్ట కూడా మిగలకూడదు."

కృష్ణారావు చెవికి పెంట అంటే చెత్త. గోడవారన పడి ఉన్న టైల్సు ముక్కలు ఆయన ఉద్దేశం. సిరాజుద్దీన్‌కు పెంట అంటే చేనుకు తోలే ఎరువు. ఇంత మంచి ఎరువు వద్దనేవాళ్లను అతను అంతకుముందు చూడలేదు. మడిని అడుగంటా తవ్వి పట్టుకెళ్లాడు.

కామేశ్వరి తిరిగొచ్చేసరికి టైల్సు ముక్కలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. మడి ఉన్నచోట గొయ్యి తీసి నల్లమట్టి నింపారు. ఆమె జహేదాకు ఫోన్ చేసింది. అప్పటికే ఎరువు చల్లి చేను దున్నేశారు.

కృష్ణారావు అరటి పిలకలు నాటాడు. వానలొచ్చాయి. కింద మొరం నీళ్లు దిగనివ్వలేదు, పైన బంకమట్టి వదల్లేదు. పిలకలు కుళ్లాయి. నీళ్లు పోవడానికి ఆయన కాలువ తవ్వించాడు. అది పక్కింటి హేమచంద్ మంచినీళ్ల సంపులోకి దారి వెతుక్కుంది. హేమచంద్ నల్లటి నీళ్ల బకెట్టు తెచ్చి గుమ్మంలో పెట్టి, కోనసీమ కాలువ చాలా బాగుందన్నాడు. సంపు కడిగించాక ఎండ కాసింది. మట్టి బీటలు వారి, తనతోపాటు ప్రహరీగోడనూ చీల్చింది. ఆ వీధిలో మోతుబరిలా నడిచిన కృష్ణారావు ఇప్పుడు హేమచంద్ తలుపు వేసి ఉన్నప్పుడే బయటికి వస్తున్నాడు.

అప్పుడు జహేదా సంచీ నిండా బీరకాయలు, చిక్కుళ్లు తెచ్చింది.

"అక్కా, మీ పెంట మస్తు పనిజేసింది. ఎన్నడు గింత కాపు జూడలే."

కామేశ్వరి సంచీ అందుకుంది. చిక్కుళ్లకు ఈనెలు తీయడానికి కూర్చుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర కృష్ణారావు చిక్కుడుకాయ కూర రెండోసారి వేయించుకున్నాడు.

"చూశావా, మన నల్లమట్టి కాపు రుచే వేరు. ఇంటిముందు కూడా ఒక ట్రాక్టరు పోయిద్దాం."

"ఇవి సిరాజుద్దీన్ గారి చేలోవి నాన్నా. నువ్వు ఎత్తించిన అమ్మ ఎరువుతో కాసినవి" అంది లిఖిత.

కామేశ్వరి మజ్జిగ పోస్తూ చెప్పింది.

"జహేదా వాళ్ల చేలో నాకో మడి ఇస్తానంది. రేపట్నుంచి తెల్లారగానే అక్కడికి వెళ్తాను. ఈ పెరడు మీరే చూసుకోండి."

కృష్ణారావు చాలాసేపు ఆలోచించి, మరి కాఫీ పెట్టేసి వెళ్తావా అని అడిగాడు.